కార్డు మీద తొమ్మిది వారాలు

సూరత్‌లో మగ్గాల పేట. పొద్దున్న ఎనిమిది గంటలు. రాత్రి షిఫ్టు దిగిన గంజాం మనుషులు ఇద్దరు, ముసలి ఆర్త మామూ, కుర్ర టుకునా, హంసాబెన్ మందుల కొట్టు ముందు నిలబడ్డారు.

"ఈ డబ్బా వద్దురా టుకునా. దీని మీద గుంటడి బొమ్మ చూడు, అచ్చం మన మేనేజరు మొహం. ఇది తాగితే పుట్టగానే ‘మగ్గం ఎందుకాగిందిరా’ అని అడుగుతాడు."

"మెల్లగా, మామూ."

"మెల్లగానే అంటన్నాను కదేటి!"

"వీధి చివర టీ కొట్టువాడు నవ్వుతున్నాడు, కాకా. మీ మగ్గాల వాళ్లంతా ఇంతే. ఆ చప్పుడులో చెవులు పోగొట్టుకుని వచ్చి నా కొట్లో అరుస్తారు. చెప్పు టుకునా భాయ్, మందు ఎవరికి?"

"ఇంట్లోకి, హంసాబెన్."

"ఇంట్లోకంటే? గోడలకి పూస్తావా?"

"ఇంట్లో దానికి. ఊళ్లో ఉంది. నీళ్లోసుకుంది."

"అది చెప్పు! శుభం. మొదటిదేనా?"

"మొదటిదే."

"అయితే ఆ మొహం ఏమిటి, గిరాకీ పోయినవాడిలా?"

"నిద్ర లేదు, బెన్. రాత్రంతా ఎనిమిది మగ్గాలు. కళ్లు మూతపడిపోతన్నాయి. మధ్యాన్నం బండికి భగబాన్ ఊరెల్తన్నాడు. వాడి చేతికి ఇచ్చి పంపాలి. ఏదో మంచి విటమిన్ డబ్బా చూసి ఇచ్చెయ్యి, ఎల్లి పడుకుంటాను."

"ఒరే, ఇదుగో, ఇది చూడు. ఇందులో ఇరవై మూడు రకాలున్నాయట. మనం పడుకునే మెస్సులో మనుషులు కూడా అంతమంది లేరు."

"చదివావా, కాకా?"

"అంకెలు చదువుతాను, బెన్. అక్షరాలకీ నాకూ పడదు. నాలుగో తరగతిలో విడిపోయాం."

"అది మోకాళ్ల నొప్పుల డబ్బా. కింద పెట్టు."

"అందుకేనేటి, పట్టుకోగానే నా మోకాలు హాయిగా ఉంది! మరి ఈ ఎర్రది? దీని మీద దొరసాని బలే ఉంది. ఒరే టుకునా, మీ ఆవిడ ఇది తాగితే ఇలగ అయిపోద్దేమో. నువ్వు గుర్తుపట్టలేవు, ఆలోచించుకో."

"మామూ, నీకు దణ్ణం పెడతాను, ఊరుకో."

"అది జుట్టు ఊడకుండా. నువ్వు ఇటు రా, కాకా, ఆ స్టూలు మీద కూర్చో. ఏదీ ముట్టుకోకు. భాయ్, నువ్వు చెప్పు. మూడు నెలలు దాటిందా, ఇంకా లేదా?"

"అది దేనికి, బెన్?"

"దేనికేమిటి? మొదటి మూడు నెలలకి ఒక మాత్ర. అది దాటాక ఇంకోటి. రెండోది ముందే మొదలెడితే, అసలే వాంతులయ్యే మనిషికి ఇంకా తిప్పేస్తుంది. వాంతులున్నాయా?"

"ఉన్నాయట. ఏదీ నిలవడం లేదంది అమ్మ. ఒళ్లు తూలిపోతందట."

"మీ ఊళ్లో ఆశా దీదీ ఏమీ ఇవ్వలేదా?"

"ఏవో మాత్రలు ఇచ్చింది. అమ్మ పారేసింది. ఊరికే ఇచ్చిన మాత్రలు మింగితే పిల్ల నల్లగా పుడతాదని, మరీ పెద్దదైపోయి పొట్ట కొయ్యాల్సొస్తాదని. డబ్బా పంపమంది. బొమ్మున్న డబ్బా."

"మీ అమ్మకి బొమ్మ కావాలి. నీ భార్యకి మందు కావాలి. ఈ డబ్బాల్లో సగం పంచదారే, భాయ్. ఇప్పుడు ఆమెకి కావలసింది ఇంత చిన్న పచ్చ మాత్ర. పిల్ల వెన్నెముకా, తలకాయా సరిగ్గా కుదరడానికి. రోజుకొకటి. అంతే."

"అంత చిన్నదా? బెన్, మా వాడు ఏడాదికి పది నెలలు ఇక్కడ ఒళ్లు ఇరగ్గొట్టుకుని ఆవగింజంత మాత్ర పంపితే ఊరు నవ్వదేటి?"

"నవ్వనీ, కాకా. ఎన్ని వారాలు, భాయ్?"

"ఏదో ఒకటి ఇచ్చెయ్యి, బెన్. పైన పెట్టిన ఆ పెద్ద డబ్బా ఇచ్చెయ్యి."

"ఏదో ఒకటి ఇవ్వడానికి ఇది బీడీల బడ్డీ కాదు. వారాలు చెప్పు."

"నాకు తెలీదు."

"నర్సు దగ్గర కార్డు చేయించలేదా?"

"చేసారు."

"ఫోన్‌లో ఫోటో ఉంటుంది కదా. చూపించు."

"ఫోన్‌లో ఛార్జీ లేదు."

"ఉందిరా, ఇప్పుడే కదా టైం చూసావు."

"మామూ!"

"తొమ్మిది, బెన్! కార్డు మీద తొమ్మిది వారాలని రాసుంది. మెస్సులో ఇరవై మందికీ తెలుసు, ఇందులో దాచేదేటుంది?"

"తొమ్మిదా. సరే, అంటే ఇంకా మూడు వారాలు ఈ మాత్రే. లోపల పెట్టెలో ఉన్నాయి, తెస్తాను. కాకా, ఏదీ ముట్టుకోకు అన్నాను."

"చేతులు కట్టుకున్నాను చూడు, బళ్లో గుంటడిలాగ."

"ఎందుకు చెప్పావు, మామూ?"

"ఏటి చెప్పాను?"

"తొమ్మిదని."

"కార్డు మీద అదే ఉంది కదా."

"నిన్ను అడిగిందా? నన్నడిగింది. నేను చెప్పుకుంటాను, మానుకుంటాను. ఆ రోజు కూడా అంతే. నేను సంబరపడిపోయి కార్డు ఫోటో చూపించాను. అందరూ బావుందిరా, బావుందిరా అన్నారు. నువ్వు మటుకు వేళ్లు తీసావు."

"ఏదో సరదాకి."

"వేళ్లు తీసి లెక్కెట్టావు. మేరు పండగ నుంచి ఇప్పటికి ఏడు వారాలే అవుతన్నాయి, మిగతా రెండూ ఎవరి ఓవర్‌టైమురా అన్నావు."

"అన్నాను. ఒరే, నేను అననిదేటుంది? నీ చెప్పుల్లో చింతపండు పెట్టలేదా? మేస్త్రీ టీలో ఉప్పెయ్యలేదా? అలగే ఇదీ."

"ఇరవై మంది నవ్వారు."

"నువ్వూ నవ్వావు. నేను చూసాను."

"నవ్వాను. నవ్వి, షిఫ్టుకెల్లి, పన్నెండు గంటలు అదే లెక్కెట్టాను. ఎనిమిది మగ్గాలూ అదే అంటన్నాయి, మామూ. ఏడు, తొమ్మిది. ఏడు, తొమ్మిది. నాలుగు రాత్రుల నుంచీ అదే. చెవుల్లో దూది పెట్టుకున్నా అదే. నువ్వు సరదాకి అన్నావు. కానీ లెక్క తప్పు కాదు కదా. నేను ఈసారి దండ మొక్కు పట్టాను. బండి దిగి ఇంటికి కూడా ఎల్లలేదు, నేరుగా మొక్కు పట్టిన భోక్తల్లో కలిసిపోయాను. పదమూడు రోజులు కటిక నేల మీద పడుకున్నాను. ఒంటిపూట తిన్నాను. ఎండలో దుమ్ములో పొర్లాను. ఆడమనిషి గాలి తగలకుండా మొక్కు తీర్చుకున్నాను. దండ ముగిసి, మేరు నాడు రాత్రి ఇంటికెల్లాను. అక్కడి నుంచి ఏడు వారాలు."

"మరి తొమ్మిది వెనక్కి ఎల్తే?"

"దండ మొదలెట్టిన రోజుకి ఎల్తంది."

"దానికి ముందు?"

"దానికి ముందు పది నెలలు నీ పక్క చాప మీదే కదా పడుకున్నాను, మామూ. నువ్వే సాక్షివి."

"సాక్షినే. నీ గురక మీద ఒట్టేసి చెప్తాను."

"నాకు నవ్వు రావడం లేదు."

"నాకు మటుకు ఒస్తందేటి? నోటికి అలవాటు, అంతే. రుణూకి ఫోన్ చేసావా?"

"ఎత్తడం మానీసాను. నాలుగు రోజులయింది."

"అది చేస్తందా?"

"రోజుకి రెండుసార్లు చేసింది. నిన్న ఒక్కసారే."

"మరి మనసులో ఇంత పెట్టుకుని ఈ డబ్బా ఎందుకురా? ఎవరికో పుట్టేవాడికి నువ్వెందుకు విటమిన్లు?"

"అమ్మ అడిగింది. అమ్మకి ఏం చెప్తాను? డబ్బా భగబాన్ చేతికిస్తాను. డబ్బాతో పాటు ఒక మాట కూడా పంపుతన్నాను."

"ఏ మాట?"

"బాబు ఇంటికి ఎల్లిపొమ్మని. మళ్లీ మా గుమ్మం తొక్కక్కర్లేదని."

"భగబాన్‌కి చెప్పీసావా?"

"పొద్దున్నే చెప్పీసాను, గేటు దగ్గర. వాడు నా మొహం కూడా చూడలేదు. సరే అన్నాడు."

"మంచి పని చేసావు."

"ఏటన్నావు?"

"మంచి పని చేసావంటన్నాను! నా చెవులు పోయాయి సరే, నీవి కూడా పోయాయేటి?"

"నువ్వు వద్దంటావనుకున్నాను."

"నేనెందుకు వద్దంటాను? నవ్వు నవ్వే, లెక్క లెక్కేరా. మనిషి అబద్దమాడతాడు, ఆడది ఏడుస్తాది, ముసల్ది ఒట్టేస్తాది, దేవుడు పలకడు. అంకె మటుకు మారదు. ఏడు ఏడే. మగాడన్నవాడు ఒకసారి లెక్కెట్టుకున్నాక వెనక్కి తిరగకూడదు. తిరిగితే బతుకంతా ఆ పిల్ల మొహంలో ఎవడి ముక్కుందో వెతుక్కుంటావు."

"నిద్ర పట్టడం లేదు, మామూ."

"పడతాది. రెండేళ్లు పట్టదు. తరవాత పడతాది. ఈ మగ్గాలున్నాయి చూడు, ఇవి బలే మేలు చేస్తాయి. ఆలోచించనివ్వవు."

"నాలుగు రోజుల నుంచీ ఎవడైనా ఒకడు వద్దురా అంటాడేమోనని చూస్తన్నాను. ఒక్కడూ అనలేదు. భగబాన్ అంటాడనుకున్నాను. నువ్వు అంటావనుకున్నాను."

"నేను అనను."

"నేను అంటాను."

"బెన్! నువ్వెప్పుడొచ్చావు?"

"నేను లోపలున్నా ఒకటే, బయటున్నా ఒకటే, కాకా. నువ్వు రహస్యం చెప్తే స్టేషను దాకా వినపడుతుంది. టుకునా భాయ్, భార్యని పంపించేస్తున్నావా?"

"అది మా ఇంటి సంగతి, బెన్. మందిచ్చెయ్యి."

"ఇస్తాను. ముందు ఇది చెప్పు. ఆ తొమ్మిది వారాలు ఎక్కడి నుంచి లెక్కపెట్టారనుకుంటున్నావు?"

"ఎక్కడి నుంచేటి? కడుపు పడిన రోజు నుంచి."

"కడుపు పడిన రోజు ఎవరికి తెలుసు? నీకు తెలుసా? ఆమెకి తెలుసా? లోపలికి తొంగి చూసొచ్చి నర్సు రాసిందా?"

"మరి?"

"ముట్టు నుంచి లెక్కపెడతారు, భాయ్. ఆడదానికి ఆఖరున ముట్టయిన తేదీ ఒక్కటే గుర్తుంటుంది. ఆ మొదటి రోజు నుంచి రాస్తారు. నిజంగా కడుపు పడేది దానికి రెండు వారాల తరవాత. కార్డు మీద తొమ్మిదంటే లోపల పిల్లకి ఏడు."

"ఏడా?"

"ఏడు."

"బెన్, బలేదానివి! పిల్ల లేకుండానే పిల్లకి వయసేటి? మా మేస్త్రీ కూడా ఇంత దొంగలెక్క రాయడు."

"నీ మేస్త్రీ రాస్తాడు, కాకా. మగ్గానికి పోగులు చుట్టిన కొత్త బీము ఎక్కిస్తారు కదా. ఎక్కించిన పూటే బట్ట దిగుతుందా?"

"ఎక్కడ దిగుతాది? పోగులు అతకాలి, పన్నెలోంచి తియ్యాలి, ఒక రోజంతా దానికే..."

"మేస్త్రీ పుస్తకంలో తారీకు ఏది రాస్తాడు? బట్ట దిగిన రోజా, బీము ఎక్కించిన రోజా?"

"బీము ఎక్కించిన రోజే, మామూ. ఆ రోజే రాస్తాడు."

"నువ్వుండరా. బట్ట వేరు, బిడ్డ వేరు."

"వేరే. రాయడం మాత్రం ఒకలాగే."

"ఇది మీ గుజరాతీ లెక్కేమో, బెన్. మీరు రూపాయికి రెండణాలు అలవాటుగా కలిపీసుకుంటారు. మా పక్క అలగ కాదు. మా పక్క ఏడంటే ఏడు."

"కాకా, నీ భాషలో పిల్లలు వేరేలాగ పుడతారా?"

"నేను ఒప్పుకోను."

"నిన్నెవరు ఒప్పుకోమన్నారు? అతన్ని అడుగుతున్నాను. టుకునా భాయ్, ఆమెకి ఆఖరున ముట్టు ఎప్పుడయింది?"

"నాకేం తెలుసు, బెన్? సూరత్‌లో ఉండేవాడికి అవన్నీ ఎలగ తెలుస్తాయి? మగాడికి చెప్తారేటి?"

"సరే. దండ మొదలైన రోజు నువ్వు ఊళ్లోనే ఉన్నావుగా. ఆమెని చూశావా?"

"చూడలేదు. అంటే... చూసాను. దూరం నుంచి."

"దూరం నుంచి ఎందుకు? మొక్కు కాబట్టా?"

"మొక్కుకి ముందే. దండలోకి ఎల్లేవాడికి ఇంటి ఆడది ఎదురొచ్చి కాళ్లు కడగాలి, బెన్. మా దగ్గర అది ఆచారం. నేను మా గుమ్మం బయట నిలబడ్డాను. అది రాలేదు. అమ్మ చెంబు పట్టుకొచ్చి కడిగింది. ఊరంతా చూస్తంది, నాకు తల కొట్టేసినట్టయింది. పది నెలలకి ఒచ్చి, ఇంట్లోకి కూడా రాకుండా దండలోకి పోతన్నానని అలిగిందనుకున్నాను. పదమూడు రోజులూ దాని మీద కోపంగానే ఉన్నాను."

"ఎక్కడుంది అప్పుడు?"

"పశువుల పాక పక్కన. గోడ వార కూర్చుని ఉంది. తల విరబోసుకుని. చాపా, కంచం, చెంబూ పక్కన..."

"ఊఁ. చెప్పు, భాయ్. ఎందుకాగావు?"

"మా ఇంట్లో బయటున్న ఆడది అక్కడే కూర్చుంటాది, బెన్."

"మరి?"

"మా అక్కలు కూడా అక్కడే కూర్చునేవారు. నేను చిన్నప్పటి నుంచీ చూస్తన్నాను. చూసాను కూడా. చాప చూసాను, చెంబు చూసాను. అలిగిందనుకున్నాను. మామూ, అలిగిందనుకున్నానేటి నేను?"

"ఒరే, తొందరపడకు. అది ఒట్టినే కూర్చునుండొచ్చు."

"ఎండలోనా? ఊరంతా మేళంతో గుమ్మంలో నిలబడి ఉంటే ఎవతి ఒట్టినే పాక పక్కన కూర్చుంటాది? అది కూడా నన్నే చూస్తంది, మామూ. చెయ్యి ఇలగ ఎత్తింది. నేను మొహం తిప్పుకున్నాను."

"దండ మొదటి రోజు. అక్కడి నుంచి లెక్కపెట్టు, భాయ్."

"తొమ్మిది."

"నర్సు సరిగ్గానే రాసింది."

"బెన్, టైం ఎంతయింది?"

"ఎనిమిదిన్నర."

"భగబాన్ ఇంకా మెస్సులోనే ఉంటాడు... హలో! హలో, భగబాన్! నేనురా, టుకునా. ఒరే, ఆ మాట చెప్పకు. పొద్దున్న గేటు దగ్గర చెప్పిన మాట. చెప్పకు. ఏటి? వినపడటం లేదా? చెప్పొద్దురా! మందొక్కటే ఇచ్చెయ్యి, మాట వద్దు! ...ఏటి? ...ఓరి నీ అమ్మ కడుపు చల్లగా ఉండా. ఉంచు, వస్తన్నాను."

"ఏమన్నాడు?"

"అలాంటి మాట వాడెలాగూ చెప్పేవాడు కాదంట, బెన్. మరిచిపోయానని చెప్దామనుకున్నాడంట."

"మీ మెస్సులో ఒక మనిషైనా ఉన్నాడు. ఇంక ఆమెకి చెయ్యి."

"ఏమని మాట్లాడను?"

"నేను మందులమ్ముతాను, భాయ్. మాటలు నా దగ్గర లేవు. స్పీకరు పెట్టుకో, లేకపోతే నీకూ వినపడదు."

"...రుణూ?"

"ఊఁ."

"నేను."

"తెలుసు. పేరు పడతాది కదా."

"తిన్నావేటి?"

"తింటే ఉంటందేటి? పొద్దున్నుంచి మూడుసార్లు. చద్దన్నం నీళ్లు కూడా ఆగలేదు."

"మందు పంపుతన్నాను. భగబాన్ తెస్తాడు. చిన్న మాత్ర, పచ్చగా ఉంటాది. రోజుకొకటి."

"అదా? అది ఆశా దీదీ ఇచ్చింది. ఇరవై రోజుల నుంచీ వేసుకుంటన్నాను."

"అమ్మ పారేసిందంది కదా?"

"పారేసింది. పెంట మీద నుంచి ఏరుకుని, తుడుచుకుని, బియ్యం కుండలో దాచుకున్నాను. డబ్బా ఒస్తే అత్తకి ఇచ్చీస్తాను, అది తాగితే ఆవిడకైనా ఓపికొస్తాది."

"రుణూ..."

"నాలుగు రోజులు ఎక్కడికెల్లావు?"

"ఎక్కడికీ ఎల్లలేదు. లెక్కలో పడ్డాను."

"తెలుసు. నువ్వు అక్కడ వేళ్లు మడుస్తుంటే నాకిక్కడ వినపడతంది. తేలిందేటి?"

"తేలింది."

"ఎంత?"

"ఏడు. కార్డు మీద తొమ్మిది, లోపల ఏడు. బెన్ చెప్పింది."

"ఎవరో బెన్ చెప్పిందని తేలింది."

"అలగ కాదు, రుణూ..."

"నాకిప్పుడు దెబ్బలాడే ఓపిక లేదు. తరవాత దెబ్బలాడతాను. చాలా ఉంది. నాలుగు రోజులది ఉంది, నువ్వు గుమ్మంలో మొహం తిప్పుకున్నది కూడా ఉంది. ఫోన్ పెట్టీ, మళ్లీ ఒస్తంది నాకు."

"రాత్రి చేస్తాను. ఎత్తుతావా?"

"ముందు నువ్వు చెయ్యి. చూద్దాం... అమ్మా..."

"రుణూ? రుణూ! పెట్టీసింది, బెన్."

"వాంతికి పరిగెత్తింది. భయపడకు. ఇదిగో, మూడు వారాలకి సరిపడా మాత్రలు. అక్కడ ఉన్నవి అయిపోతే ఇవి. మంచినీళ్లు ఎక్కువ తాగమను, కొంచెం కొంచెంగా తినమను. మరీ నీళ్లు కూడా ఆగకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లమని మీ అమ్మకి నువ్వే చెప్పు, గట్టిగా. పన్నెండు వారాలు దాటాక నా దగ్గరికి రా, రెండో మందు ఇస్తాను. అప్పుడు వారాలు అడిగితే ఛార్జీ లేదనకు."

"అనను, బెన్."

"డబ్బా కావాలా మరి? బొమ్మున్నది?"

"ఒకటి ఇచ్చెయ్యి. అమ్మకి. పద, మామూ. భగబాన్‌కి ఇచ్చి పడుకుందాం. ఇవాళ నిద్ర పడతాదేమో. మామూ? నిన్నే. లే."

"బెన్."

"ఏమిటి, కాకా?"

"ఈ లెక్క... ఈ మద్దెన పెట్టారేటి? కంప్యూటర్లవీ ఒచ్చాక?"

"ఏ లెక్క?"

"అదే. ముట్టు నుంచి మొదలెట్టడం."

"కంప్యూటర్లకీ దీనికీ ఏమిటి? మా అమ్మ కడుపుతో ఉన్నప్పుడూ ఇంతే. ఎప్పుడూ ఇంతే."

"ఇరవై రెండేళ్ల కింద?"

"అప్పుడూ ఇంతే."

"పెద్దాస్పత్రుల్లో అయ్యుంటాది. మా ఊరికి నర్సమ్మ బస్సు దిగి, వాగు దాటి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచొచ్చేది. వేప చెట్టు కింద బల్లేసుకుని రాసేది. అలాంటి వాళ్లు కూడా ఇలగే రాస్తారా?"

"అందరూ ఇలాగే రాస్తారు, కాకా. ఎక్కడైనా."

"తప్పు రాసుండొచ్చు కదా. ఎండలో కూర్చుని రాసింది. తప్పు రాసుండొచ్చు."

"కాకా, నీకు ఒళ్లు బాగోలేదా? మంచినీళ్లు ఇవ్వనా?"

"మామూ, ఏటయింది? నీకెందుకా లెక్క? ఇరవై రెండేళ్ల కిందంటే నువ్వు సూరత్ ఒచ్చిన ఏడాదే కదా. అత్త చచ్చిపోయింది, అందుకే ఒచ్చీసానని అందరికీ చెప్తావు కదా."

"చావలేదురా. కార్డు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడింది. దాని మీద పన్నెండు రాసుంది, నేను పది లెక్కెట్టి రైలెక్కీసాను."